చిత్రకారుడు ఉతమారో

నేటి టోక్యో నగరమునకు పూర్వనామము ఎడో. పదునెనిమిదవ శతాబ్దమున ఆ నగరమందు కొయ్య అచ్చులతో ముద్రించిన రంగుపటములు స్వల్పమైన వెలకు దొరకుచుండెను గనుక సామాన్య గృహస్థులును వానిని కొనుచుండిరి. అట్టి పటములందు స్త్రీలను చిత్రించుటలో మిక్కిలి కీర్తి గన్న కితగావా ఉతమారో చరిత్రమును మా విద్యార్థులకు సంగ్రహముగా తెలుప నెంచితిమి.

ఉతమారో 1753 ప్రాంతమున జన్మించి, తొరియామా సెకియెన్ అను చిత్రకారునొద్ద విద్య నేర్చెను. పిదప త్సుతాయా జూజబురో అను ప్రకాశకుడు ఆయన ప్రతిభను గుర్తించి చేరదీసెను. ఈ పటములు ఒక్కని చేతిపని కావు. చిత్రకారుడు పలుచని కాగితముపై గీతలు గీయును. చెక్కడపువాడు ఆ కాగితమును కొయ్యపలకపై నంటించి గీతలు మాత్రము మిగులునట్లు చెక్కును. ముద్రించువాడు రంగునకొక పలక చొప్పున కాగితముపై నద్దును. మన బందరు అద్దకపు పని చూచినవారికి ఈ పద్ధతి సులభముగా బోధపడును.

1788లో పురుగులను, 1789, 1790 సంవత్సరములలో వెన్నెలను, మంచును విషయములుగా గొనిన పుస్తకములకు ఉతమారో చిత్రములు వ్రాసెను. వానియందు హాస్యకవుల చిన్న పద్యములును ప్రకృతి చిత్రములును కలిసి యుండెను. తరువాత ఆయన దృష్టి స్త్రీలపైకి మరలెను. తేనీటి యంగడిలో పనిచేయు ఒకిత యను బాలికను, వంటయింట పొయ్యి యూదు స్త్రీని, బిడ్డకు పాలిచ్చు తల్లిని ఆయన మిక్కిలి శ్రద్ధతో చిత్రించెను.

1793లో ప్రభుత్వము ఇట్టి సామాన్య స్త్రీల పేర్లు పటములపై వేయరాదని శాసించెను. ఉతమారో అందుకొక యుక్తి పన్నెను. జపాను భాషలో ఒకి యనగా నడిసముద్రము, త యనగా వరిమడి. ప్రసిద్ధ సుందరులను ప్రాచీన కవులార్గురతో పోల్చిన పటముల వరుసలో ఆయన ఆ బాలిక పేరు వ్రాయక, పై మూలను సముద్రమును వరిమడిని బొమ్మలుగా వేసెను. పొడుపుకథ విప్పనేర్చినవారికి ఒకిత పేరు తెలిసిపోయెను. 1796లో ఆ యుక్తియు నిషేధింపబడెను. 1800లో స్త్రీల ముఖములను పెద్దవిగా చిత్రించుటయు నిషిద్ధమయ్యెను.

తుదకు 1804లో, పూర్వపు పాలకుడైన హిదెయోషిని చిత్రించిన నేరమునకు ఉతమారోను శిక్షించిరి. యాబది దినములు ఆయన చేతులకు సంకెళ్లుండెను. చేతిపనితో బ్రదుకు చిత్రకారునకు ఇంతకన్న కఠినమైన శిక్ష యుండునా? 1806లో ఆయన మరణించెను.

ఆయన పటములు మాత్రము సముద్రములు దాటెను. 1890లో పారిసు నగరమున జపాను పటముల ప్రదర్శనము జరుగగా, అమెరికా చిత్రకారిణి మేరీ కసాట్ దానిని చూచి, ఆ రీతిని తల్లీబిడ్డల పటములు రచించెను. 1891లో గోంకూర్ అను ఫ్రెంచి రచయిత ఉతమారోను గూర్చి గ్రంథము ప్రకటించెను.

ఒకిత పేరు కానరాకుండ శాసించిన యధికారులను నేడు ఎందరెరుగుదురు? తేనీరందించిన ఆ బాలిక ముఖమును అనేక దేశముల ప్రదర్శనశాలలలో జనులు నేటికిని చూచుచున్నారు. చిత్రలేఖనము నభ్యసించు మా బాలబాలికలు, దినదినము తమ కంటబడుచున్నను పేరడుగువారు లేని పనివారి ముఖములను సయితము శ్రద్ధతో చూడ నేర్తురు గాక.