ఇంద్రజాల చక్రవర్తి హారీ హుడినీ

ఇంద్రజాలాన్నీ హస్తలాఘవాన్నీ మన పూర్వులు అరవైనాలుగు కళలలో చేర్చి గౌరవించారు. ఉర్దూలో హాథ్ కీ సఫాయీ అనే మాట కూడా ఈ విద్యలోని శ్రమనూ నైపుణ్యాన్నీ సూచిస్తుంది. అయితే ఈ విద్యనే మహిమగా చూపి అమాయకులను దోచుకొనేవారు ప్రతి దేశంలోనూ, ప్రతి కాలంలోనూ ఉన్నారు. కళకూ వంచనకూ మధ్యనున్న సరిహద్దును కాపాడడానికి పాటుపడిన హారీ హుడినీ జీవితాన్ని మా విద్యార్థులకు పరిచయం చేయదలచాము.

హుడినీ అసలు పేరు ఎరిక్ వైస్. 1874 మార్చి 24వ తేదీన హంగరీ దేశంలోని బుడాపెస్టు నగరంలో జన్మించారు. తండ్రి యూదుల మతాచార్యులు. 1878లో ఆ కుటుంబం అమెరికా చేరి, విస్కాన్సిన్ రాష్ట్రంలోని ఆపిల్టన్ పట్టణంలో కాపురం పెట్టింది. కొంతకాలానికి తండ్రి ఉద్యోగం పోవడంతో ఇల్లు గడవడమే గగనమైపోయింది. ఎరిక్ పసితనంలోనే పత్రికలు అమ్మి, బూట్లకు మెరుగుపెట్టి, తరువాత న్యూయార్కులో నెక్‌టైల కర్మాగారంలో పనిచేసి కుటుంబానికి ఆసరా అయ్యారు. ఆ రోజులలోనే ఫ్రెంచి ఐంద్రజాలికుడు రాబర్ట్ హుడిన్ ఆత్మకథ ఆయన చేతికి చిక్కింది. ఆ మహనీయుని పేరు చివర ఒక అక్షరం చేర్చి తన పేరుగా స్వీకరించారు.

కీర్తి సులభంగా లభించలేదు. 1894లో వివాహమాడిన భార్య బెస్‌తో కలిసి చిన్న చిన్న ప్రదర్శనశాలలలోనూ, సర్కస్‌లోనూ ఏళ్ళ తరబడి అల్పవేతనానికి పనిచేశారు. 1899లో మార్టిన్ బెక్ అనే నాటకశాలల అధిపతి ఆయన సంకెళ్ళ విద్యను చూచి చేరదీయడంతో దశ తిరిగింది. మరుసటి సంవత్సరమే ఐరోపా యాత్ర సాగింది. 1904లో లండన్ నగరంలో ఒక పత్రికవారు ప్రత్యేకంగా తెప్పించిన సంకెళ్ళ నుండి వేలాది ప్రేక్షకుల సమక్షంలో విడివడ్డారు. 1912లో తలక్రిందులుగా నీటి పేటికలో బంధింపబడి బయటపడే అద్భుతాన్ని ప్రదర్శించారు. తాళాల నిర్మాణాన్ని కూలంకషంగా అధ్యయనం చేయడం, ఊపిరి బిగబట్టడాన్ని దీర్ఘకాలం సాధన చేయడం ఆయన విజయానికి మూలాలు. తనకు దైవశక్తులున్నవని ఆయన ఎన్నడూ చెప్పుకొనలేదు.

న్యూయార్కులో మార్టింకా అనే వర్తకుల ఇంద్రజాల సామగ్రి దుకాణం ఒకటి ఉండేది. 1902 మే 10వ తేదీన దాని వెనుక గదిలో ఇరవై నలుగురు సమావేశమై అమెరికా ఐంద్రజాలికుల సంఘాన్ని స్థాపించారు. మార్టిమర్, ఎలిసన్ అనే ఇద్దరు వైద్యులు దానికి పూనుకొన్నారు. సభ్యులు నెలకొకసారి కలుసుకొని ఒకరి విద్యను మరొకరికి ప్రదర్శించుకొనేవారు. విద్యా రహస్యాలను అకారణంగా వెల్లడి చేయరాదన్నది వారి ముఖ్య నియమం. అంతవరకు ఒకరినొకరు అనుమానించుకొంటూ తిరిగిన కళాకారులకు ఆ నెలవారీ కూటమి సౌహార్దాన్ని నేర్పింది.

1917లో హుడినీ ఆ సంఘానికి అధ్యక్షులై, మరణించేవరకు ఆ పదవిలో కొనసాగారు. ప్రదర్శనలకై ఏ పట్టణానికి వెళ్ళినా అక్కడి ఐంద్రజాలికులను కూడగట్టి, స్థానిక మండలులను మాతృసంఘానికి శాఖలుగా చేర్చేవారు. బఫెలో, డెట్రాయిట్, పిట్స్‌బర్గ్, కాన్సాస్ సిటీ నగరాల మండలులు ఆ విధంగానే చేరాయి. ఒక దుకాణపు వెనుక గదిలో పుట్టిన కూటమి దేశవ్యాప్త సంస్థ అయింది. 1917లోనే శత్రువుల దాడిలో మునిగిపోయిన ఆంటిలీస్ నౌకలో మృతులైనవారి కుటుంబాల కోసం ఆ సంఘం పక్షాన సహాయ ప్రదర్శన కూడా జరిపించారు.

రహస్యరక్షణ వ్రతంగా గల సంఘానికి అధ్యక్షులైన హుడినీయే రహస్యాలను బయటపెట్టడానికి పూనుకోవడం విచిత్రంగా తోచవచ్చు. మొదటి ప్రపంచ యుద్ధంలో బిడ్డలను పోగొట్టుకొన్న తల్లిదండ్రులకు మృతుల ఆత్మలతో మాట్లాడిస్తామని ధనం గుంజేవారు ఆనాడు పెచ్చుపెరిగారు. 1913లో తల్లిని కోల్పోయిన హుడినీ ఆ దుఃఖాన్ని స్వయంగా ఎరిగినవారు. 1922లో షెర్లాక్ హోమ్స్ సృష్టికర్త కానన్ డాయిల్ సతీమణి, హుడినీ తల్లి ఆత్మ పలికిస్తున్నదంటూ పుటలకొద్దీ ఆంగ్లంలో వ్రాశారు. ఆ తల్లికి ఆంగ్లం రాదు. యూదు మతాచార్యుని భార్య పంపినట్లు చెప్పబడిన ఆ లేఖ శిరోభాగాన శిలువ గుర్తు ఉన్నది. హుడినీ మనసు విరిగింది. డాయిల్ దంపతులతో స్నేహమూ చెడింది.

అది మొదలు ఆత్మావాహకుల మోసాలను వేదికలపై బట్టబయలు చేశారు. సైంటిఫిక్ అమెరికన్ పత్రిక నియమించిన పరిశీలక సంఘంలో సభ్యులై పనిచేశారు. సొమ్ము తీసుకొని జోస్యం చెప్పడాన్ని వాషింగ్టన్ నగరంలో నిషేధించాలని 1926లో అమెరికా కాంగ్రెసు ఉపసంఘం ఎదుట వాదించారు. ఆ బిల్లు నెగ్గలేదు. తోటి కళాకారుని జీవనోపాధి అయిన రహస్యాన్ని కాపాడడం ధర్మం. దుఃఖితుల కన్నీటిని సొమ్ము చేసుకొనే రహస్యాన్ని దాచడం పాపం. ఈ వివేచనే ఆయన గొప్పతనమని మా అభిప్రాయం.

1926 అక్టోబరులో మాంట్రియల్ నగరంలో ఒక విద్యార్థి ఆయన కడుపుపై ముష్టిఘాతాలు కొట్టాడు. తీవ్ర జ్వరంతోనే డెట్రాయిట్‌లో చివరి ప్రదర్శన ఇచ్చి, అక్టోబరు 31వ తేదీన ఆంత్రవేష్టనశోథతో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 52 సంవత్సరాలు. అంత్యక్రియల సమయంలో సంఘ సభ్యులు ఒక మంత్రదండాన్ని విరిచి నివాళులర్పించారు. దివంగతులైన ఐంద్రజాలికులకు ఆ విధంగా వీడ్కోలు పలికే ఆచారం నేటికీ నిలిచి ఉన్నది. ఆయన సేకరించిన దాదాపు నాలుగు వేల గ్రంథాలు అమెరికా కాంగ్రెసు గ్రంథాలయానికి చేరాయి.

నేడు మన వీధులలోనూ విభూతి సృష్టించేవారు, తాయెత్తులమ్మేవారు, దయ్యాలు వదిలిస్తామనేవారు కనిపిస్తూనే ఉన్నారు. మతమేదైనా, పేరేదైనా వారి వ్యాపారం ఒక్కటే. అద్భుతాన్ని చూచి ఆనందించండి. అది అద్భుతశక్తి అని ఎవరైనా సొమ్ము అడిగినప్పుడు మాత్రం ప్రశ్నించండి. హుడినీ జీవితం మా విద్యార్థులకు బోధించే పాఠమిదే.