చెరకు తోటల సీమ నుంచి స్కాట్లాండ్ సారథిగా...

కబడ్డీలో కూత పెట్టి వెళ్లి పాయింట్లు తెచ్చిన ఆటగాణ్ని ఊరంతా మెచ్చుకుంటుంది. కూతకు వచ్చినవాడి కాలు పట్టి ఆపినవాణ్ని అంతగా తలుచుకోరు. ఫుట్‌బాల్‌లోనూ అంతే. గోలు కొట్టినవాడి పేరు పత్రికలకెక్కుతుంది. గోలు పడకుండా అడ్డుకున్నవాడి పేరు ఆటతోపాటే మరుగున పడుతుంది. అలా అడ్డుకునే స్థానంలో ఆడి, పుట్టిన గడ్డకు వేల మైళ్ల దూరాన ఒక దేశపు జట్టుకు నాయకుడైన వ్యక్తి ఆండ్రూ వాట్సన్. అంతర్జాతీయ ఫుట్‌బాల్ ఆడిన మొట్టమొదటి నల్లజాతి ఆటగాడు ఆయనే కావడం విశేషం.

వాట్సన్ 1856 మే 24న దక్షిణ అమెరికాలో, నాటి బ్రిటిష్ గయానాలోని డెమరారాలో జన్మించారు. ఆ సీమంతా చెరకు తోటలే. ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసల చెమటతో పెరిగిన తోటలవి. 1838లో బానిసత్వం పూర్తిగా తొలగిపోయాక తోటల యజమానులు కూలీల కోసం మన దేశం వైపు చూశారు. మద్రాసు రేవులో ఓడలెక్కి అక్కడికి వెళ్లినవారిలో తెలుగువారూ ఉన్నారు.

వాట్సన్ తండ్రి పీటర్ మిల్లర్ వాట్సన్ స్కాట్లాండ్ నుంచి వచ్చిన చెరకు తోటల ఆసామి. తల్లి హానా రోజ్ అక్కడి నల్లజాతి మహిళ. తండ్రి కొడుకునీ, కూతురినీ బ్రిటన్ తీసుకువెళ్లి కొడుకును పేరున్న బడుల్లో చదివించారు. 1869లో తండ్రి చనిపోయేనాటికి వాట్సన్‌కు పదమూడేళ్లు. వారసత్వంగా ఆస్తి దక్కడంతో చదువు ఆగలేదు.

చదువు నుంచి మైదానానికి

1875లో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చేరిన వాట్సన్ ఒక ఏడాదే చదివి వ్యాపారంలో దిగారు. మనసు మాత్రం బంతి మీదే. మొదట మాక్స్‌వెల్, తర్వాత పార్క్‌గ్రోవ్ జట్లకు ఆడారు. 1880లో నాటి మేటి జట్టు క్వీన్స్ పార్క్ ఆయన్ను చేర్చుకుంది. ఆటకు డబ్బు తీసుకోకూడదన్నది ఆ క్లబ్ నియమం. వాట్సన్ ఆడింది ఫుల్ బ్యాక్ స్థానంలో. అంటే గోలు కీపర్‌కు ముందు నిలిచి, దూసుకొచ్చేవారి కాళ్ల దగ్గరి బంతిని లాక్కోవడం, దాన్ని ముందున్న తనవారికి అందించడం ఆయన పని. తర్వాత ఆ క్లబ్‌కు కార్యదర్శిగానూ వ్యవహరించారు. క్వీన్స్ పార్క్ తరఫున మూడుసార్లు స్కాటిష్ కప్ గెలుచుకున్నారు.

ఇంగ్లాండ్‌కు పరాభవం

1881 మార్చి 12న లండన్‌లోని ఓవల్ మైదానంలో స్కాట్లాండ్, ఇంగ్లాండ్ జట్లు తలపడ్డాయి. వాట్సన్‌కు అది తొలి అంతర్జాతీయ ఆట. తొలి ఆటకే ఆయన్ను నాయకుణ్ని చేశారు. స్కాట్లాండ్ 6-1 గోల్స్‌తో గెలిచింది. ఇంగ్లాండ్ జట్టు సొంతగడ్డపై అంతకన్నా ఘోరంగా ఇంతవరకూ ఓడలేదు. రెండు రోజుల తర్వాత వేల్స్‌పై 5-1, మరుసటి ఏడాది గ్లాస్గోలో మళ్లీ ఇంగ్లాండ్‌పై 5-1 తేడాతో స్కాట్లాండ్ నెగ్గింది.

ఆ మూడు ఆటలతోనే వాట్సన్ అంతర్జాతీయ జీవితం ముగిసింది. కారణం ఓటమి కాదు, ఊరు మారడమే. 1882లో ఆయన లండన్ వెళ్లారు. స్కాట్లాండ్‌లో ఉంటూ ఆడేవారినే ఆనాడు జాతీయ జట్టుకు ఎంపిక చేసేవారు. లండన్‌లో స్విఫ్ట్స్ జట్టులో చేరి, ఎఫ్.ఏ. కప్ పోటీల్లో ఆడిన తొలి నల్లజాతి ఆటగాడిగా నిలిచారు. కొరింథియన్, బూటిల్ జట్లకూ ఆడారు.

మరుగున పడిన పేరు

ఆట వదిలాక ఆస్తి అండతో కాలక్షేపం చేయలేదు. పరీక్షలు పాసై ఓడల ఇంజనీరుగా లివర్‌పూల్ రేవు నుంచి ఏళ్ల తరబడి సముద్రాలపై పనిచేశారు. 1921 మార్చి 8న లండన్ శివారు క్యూలో న్యుమోనియాతో కన్నుమూశారు. అప్పటికే జనం ఆయన్ను మరిచిపోయారు. ఆస్ట్రేలియా వెళ్లి అక్కడే చనిపోయారని చాలాకాలం నమ్మారు. తొలి నల్లజాతి ఆటగాడి కీర్తిని కూడా తర్వాత వచ్చిన ఆర్థర్ వార్టన్‌కు కట్టబెట్టారు. పాత కాగితాలు వెతికిన పరిశోధకుల శ్రమతో అసలు సంగతి బయటపడింది. రిచ్‌మండ్ శ్మశానంలో పాడుబడిన ఆయన సమాధిని విరాళాలతో బాగు చేయించారు.

వాట్సన్ తర్వాత మరో నల్లజాతి ఆటగాడు స్కాట్లాండ్ జట్టులోకి రావడానికి 2004 వరకూ ఆగాల్సి వచ్చింది. ఇంగ్లాండ్ జట్టులో ఆ అవకాశం 1978లో గానీ రాలేదు.

వాట్సన్ ఆడిన మూడు అంతర్జాతీయ ఆటల్లో గోల్స్ చేసినవారి జాబితాలో ఆయన పేరు లేదు. కానీ ఆ మూడింటిలో స్కాట్లాండ్ 16 గోల్స్ కొట్టగా, ఎదుటివారు కొట్టగలిగినవి మూడే.