మహేశ్వర్ మగ్గాలకు ప్రాణం పోసిన అహల్యాబాయి

షోలాపూర్‌లో మన పిల్లలు పన్నెండో తరగతి దాటి డిగ్రీలో చేరితే, వాళ్ల సర్టిఫికెట్ మీద పుణ్యశ్లోక్ అహిల్యాదేవి హోల్కర్ పేరు ఉంటుంది. 2004లో ఏర్పడిన షోలాపూర్ విశ్వవిద్యాలయానికి 2019లో ఆ పేరు పెట్టారు. మన పక్క జిల్లా అహ్మద్‌నగర్ కూడా ఇప్పుడు అహిల్యానగర్ అయింది. పేరు ఇంత దగ్గరగా వినిపిస్తున్నా, పిల్లలను అడిగితే గుళ్లు కట్టించిన రాణి అని మాత్రమే చెబుతారు. అది నిజమే. అయితే పడుగు పేకల మధ్య పెరిగిన పిల్లలకు ఆమె గురించి ఇంకో సంగతి కూడా తెలియాలి. ఆమె మగ్గాలు పెట్టించిన రాణి. ఆ మగ్గాలు ఆమె పోయాక దాదాపు మూగబోయి, సుమారు 180 ఏళ్ల తరవాత కొత్తవాళ్ల చేతుల్లో మళ్లీ లేచాయి. ఆ కథ మన నేతపేటలకు బాగా దగ్గరి కథ.

చౌండీ పాటిల్ గారి అమ్మాయి

అహల్యాబాయి 1725 మే 31న చౌండీ అనే చిన్న పల్లెలో పుట్టింది. ఆ ఊరు నేటి అహిల్యానగర్ జిల్లా జామ్‌ఖేడ్ తాలూకాలో ఉంది. తండ్రి మాణకోజీ శిందే ఆ ఊరి పాటిల్. ఆడపిల్లను చదివించడం ఎక్కడా లేని రోజుల్లో ఆయన కూతురికి అక్షరాలు నేర్పించాడు.

మాళవ ప్రాంతాన్ని ఏలుతున్న మల్హర్‌రావు హోల్కర్ పుణే వెళుతూ చౌండీలో ఆగినప్పుడు గుడిలో ఈ పిల్లను చూశాడని, ఆ నెమ్మదితనం నచ్చి కోడలిగా చేసుకున్నాడని చెబుతారు. మల్హర్‌రావు పెద్ద రాజవంశంలో పుట్టినవాడు కాదు. గొర్రెలు కాచుకునే ధన్‌గర్ కుటుంబం నుంచి వచ్చి, కత్తి బలంతో, తెలివితో పైకి ఎదిగిన మనిషి. 1733లో తన కొడుకు ఖండేరావుకు అహల్యను ఇచ్చి పెళ్లి చేశాడు. అప్పటికి ఆమెకు ఎనిమిదేళ్లు.

మామగారు కోడలికి ఇంటి పనులతో సరిపెట్టలేదు. లెక్కలు, వసూళ్లు, ఉత్తర ప్రత్యుత్తరాలు నేర్పాడు. తాను యుద్ధానికి వెళ్లినప్పుడు ఫిరంగులు, మందుగుండు ఎక్కడికి ఎలా పంపాలో కూడా ఉత్తరాల్లో ఆమెకే పురమాయించేవాడు. ఒక ఇంటిని ముందు ముందు ఎవరు నడపాలో ఆయన ముందే చూసుకున్నట్టు అనిపిస్తుంది.

1754లో భరత్‌పూర్ దగ్గర కుమ్హేర్ కోట ముట్టడిలో ఖండేరావు చనిపోయాడు. అహల్యకు అప్పుడు 28 ఏళ్లు. ఆనాటి ఆచారం ప్రకారం ఆమె సతికి సిద్ధపడితే, మల్హర్‌రావు ఆపాడు. కొడుకు పోయాడు, కోడలు కూడా పోతే ఈ ఇల్లు ఎవరు చూస్తారని ఆ పెద్దాయన బాధపడ్డాడట. ఆమె ఆగింది.

కొత్త చేతుల్లోకి పాత ఇల్లు

1766లో మల్హర్‌రావు కన్నుమూశాడు. అహల్య కొడుకు మాలేరావు గద్దె ఎక్కాడు కానీ ఏడాది తిరక్కుండానే, 1767లో, అతడూ పోయాడు. పదమూడేళ్లలో భర్త, మామ, కొడుకు ముగ్గురూ వెళ్లిపోయారు. మిగిలింది పెద్ద పేరున్న ఇల్లు, దాని మీద కన్నేసిన మనుషులు.

ఆ ఇంటి దివాను గంగాధర్ యశ్వంత్ ఒక పిల్లవాణ్ని దత్తత తెచ్చి, పెత్తనం తన చేతిలో పెట్టుకోవాలని చూశాడు. పీష్వా చిన్నాన్న రాఘోబా దాదా అతనికి తోడయ్యాడు. అహల్యాబాయి ఒప్పుకోలేదు. సైన్యాన్ని సిద్ధం చేసింది, ఇతర మరాఠా సర్దార్లకు కబురు పంపింది, పుణేలో పీష్వా మాధవరావుకు విన్నవించుకుంది. పీష్వా ఆమె పక్షాన నిలిచాడు. రాఘోబా వెనక్కి తగ్గాడు.

తరవాత ఆమె చేసిన ఏర్పాటు గమనించదగ్గది. సైన్యాన్ని తుకోజీ హోల్కర్‌కు అప్పగించింది. ఆయన కొడుకూ కాదు, దగ్గరి బంధువూ కాదు, మల్హర్‌రావు నమ్మిన సేనాని. పాలన, ఖజానా తన దగ్గర ఉంచుకుంది. ఇద్దరి మధ్య డబ్బు దగ్గర మాటామాటా వచ్చిన సందర్భాలు ఉన్నాయి. అయినా ఆ ఏర్పాటు ఆమె బతికినంత కాలం, 28 ఏళ్లు, తెగకుండా నడిచింది. రాజ్యం సొమ్ము వేరు, తన సొంత ఖాస్గీ సొమ్ము వేరు అని లెక్క విడిగా పెట్టించింది. దానధర్మాలు ఖాస్గీ నుంచే. కాశీ విశ్వనాథ ఆలయాన్ని 1780లో మళ్లీ నిలబెట్టినా, సోమనాథ్‌లో, గయలో గుళ్లు కట్టించినా, మన జిల్లాలోని పంఢరపూర్‌లో యాత్రికుల కోసం హోల్కర్ వాడా నిలిపినా ఆ పద్ధతిలోనే. రోజూ దర్బారులో కూర్చుని రైతుల, వ్యాపారుల, విధవరాళ్ల ఫిర్యాదులు తానే వినేది. భర్త పోయిన ఆడవాళ్ల ఆస్తిని సర్కారు లాక్కోకుండా వాళ్లకే వదిలేయించింది.

మహేశ్వర్ చీర పుట్టుక

ఆమె నర్మద ఒడ్డున ఉన్న మహేశ్వర్‌ను రాజధాని చేసుకుంది. ఘాట్లు, కోట, గుళ్లతో ఊరు అందంగా తయారైంది. కానీ ఊరికి అందం ఒక్కటే చాలదు, బతుకుతెరువు కావాలి. ఆమె సూరత్, మాళవ వంటి చోట్ల నుంచి నేతగాళ్లను పిలిపించి మహేశ్వర్‌లో నిలబెట్టిందని చెబుతారు. దర్బారుకు వచ్చే అతిథులకు, బంధువులకు పెట్టే కానుకలుగా తొమ్మిది గజాల చీరలు, తలపాగా బట్టలు అక్కడే నేయించింది. ఏ రాజు ఇంట్లో ఆ చీర విప్పినా మహేశ్వర్ పేరు వినపడేది. ఈ కాలం మాటల్లో చెప్పాలంటే ఆమె ఒక ఖరీదైన వస్త్రాల సంస్థను స్థాపించింది. దర్బారే దాని దుకాణం.

నేత తెలిసినవాళ్లు మహేశ్వర్ చీరను దూరం నుంచే గుర్తుపడతారు. మొదట్లో సన్నని నూలుతోనే నేసేవారు, తరవాతి కాలంలో పడుగులో పట్టు వచ్చింది. ఒంటి మీద ఎక్కువగా సాదా రంగు, లేదా సన్నని గళ్లు, చారలు. పనితనమంతా అంచులో, కొంగులో. అంచు రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది, ఏ వైపు కట్టినా తప్పు లేదు. అంచుల్లోని నమూనాలు కోట, గుళ్ల రాళ్ల మీద చెక్కిన వాటినే పోలి ఉంటాయి. ఇటుక, చాప, అల, వజ్రం, మల్లెపువ్వు. నర్మద అల రాతి మీదికి ఎక్కి, రాతి మీది నుంచి పడుగు మీదికి దిగినట్టుంటుంది. నేతగాడు రోజూ నడిచే దారిలో కనిపించేదే అతని నమూనా పుస్తకం.

1791లో అల్లుడు పోయి, కూతురు ముక్తాబాయి సతికి వెళ్లినప్పుడు అహల్యాబాయి ఆపలేకపోయింది. ఒకనాడు మామ మాటకు తాను ఆగింది, కూతురు తన మాటకు ఆగలేదు. ఆ దుఃఖంతోనే మరో నాలుగేళ్లు పని చేసి, 1795 ఆగస్టు 13న, 70 ఏళ్ల వయసులో మహేశ్వర్‌లో కన్నుమూసింది.

రాణి పోయాక

1797లో తుకోజీ కూడా చనిపోయాడు. వారసుల మధ్య పోరు మొదలైంది. 1817లో ఆంగ్లేయులతో యుద్ధంలో హోల్కర్లు ఓడిపోయారు, 1818లో రాజధాని ఇందోర్‌కు మారింది. దర్బారు వెళ్లిపోయింది, మగ్గాలు మాత్రం మహేశ్వర్‌లోనే ఉండిపోయాయి. కానుకలు పెట్టేవాళ్లు తగ్గారు, కొనేవాళ్లు తగ్గారు. తరవాత మిల్లు బట్ట చవగ్గా వచ్చింది. నేత పిల్లలు కూలికి, వేరే ఊళ్లకు పోయారు. 1970ల నాటికి మహేశ్వర్‌లో పని దొరికే మగ్గాలు చాలా తక్కువ.

అహల్యాబాయి ఘనతలో ఉన్న ఒక లోటు కూడా ఇక్కడే కనిపిస్తుంది. ఆమె ఇచ్చిన ఆదరణ గొప్పది, కానీ ఆ మగ్గాలు ఒకే గిరాకీ మీద, ఒకే గడప మీద ఆధారపడ్డాయి. ఆ గడప మారగానే నేత కుంగింది.

మళ్లీ మగ్గం చప్పుడు

1970ల చివర్లో హోల్కర్ వంశానికి చెందిన రిచర్డ్ హోల్కర్, ఆయన భార్య శాలీ హోల్కర్ మహేశ్వర్‌లో రెహ్వా అనే సొసైటీ పెట్టారు. నర్మదకున్న రేవా అనే పేరే అది. పూర్వీకురాలి పేరు చెప్పుకుంటే చీరలు అమ్ముడుపోవని వాళ్లకు త్వరగానే అర్థమై ఉండాలి. ఎదురుగా ఉన్న చిక్కులు మనకు తెలిసినవే. తొమ్మిది గజాల చీర కట్టేవాళ్లు లేరు. మంచి నేత తెలిసిన పెద్దలకు వయసు మీద పడింది. పిల్లలకు మగ్గం మీద కూర్చోవాలని లేదు. నూలు కొనడానికి పెట్టుబడి లేదు. ఒక్క చీరకు రోజుల తరబడి పని, మరమగ్గం నకలు మాత్రం గంటల్లో తయారు.

వాళ్లు కొన్నిటిని పట్టుకున్నారు, కొన్నిటిని వదిలారు. రెండు వైపులా కట్టే అంచు, కోట రాళ్ల నమూనాలు, సన్నని నేత, వీటిని వదల్లేదు. తొమ్మిది గజాల కొలత వదిలారు. ఇప్పటి కొలత చీరలు, దుపట్టాలు, గజాల లెక్కన అమ్మే బట్ట నేయించారు. ఆడవాళ్లకు మగ్గం నేర్పి, కూలీ వాళ్ల చేతికే వచ్చేలా చేశారు. ఒక దర్బారు బదులు పెద్ద నగరాల్లోని ఎందరో కొనుగోలుదార్లను వెతుక్కున్నారు. నేతవాళ్ల పిల్లల కోసం బడి పెట్టారు. తరవాత శాలీ హోల్కర్ మొదలుపెట్టిన వేరే సంస్థ, నేత కుటుంబాల యువకులకు నమూనాలు వేయడం, లెక్కలు, అమ్మకం, ఇంగ్లిషు నేర్పే ప్రత్యేక పాఠశాలను మహేశ్వర్‌లో నడుపుతోంది. ఇవాళ ఆ ఊళ్లో రెహ్వాతో సంబంధం లేని నేతగాళ్లు కూడా ఎందరో సొంతంగా నేసి అమ్ముకుంటున్నారు. అసలైన గెలుపు అదే.

పేరున్న సంస్థ కొత్త చేతుల్లో పడ్డాక నిలవడం ఎక్కడైనా కష్టమే. పారిస్‌లో క్రిస్టియన్ డియోర్ 1957లో హఠాత్తుగా పోతే, అంత పెద్ద ఫ్యాషన్ సంస్థ నమూనాల బాధ్యత 21 ఏళ్ల ఈవ్ సాన్ లోరాన్ మీద పడింది. మూడేళ్లకే అతను అక్కడి నుంచి బయటికి వచ్చాడు, సంస్థ మరొకరిని వెతుక్కుంది. మన ఊళ్లోనే చూస్తే, 1877లో మొదలైన పాత మిల్లు 1949లో మూతపడినప్పుడు కేంద్ర ప్రభుత్వం 1950లో ప్రత్యేక చట్టం చేసి దాని నిర్వహణను చేతిలోకి తీసుకుంది. ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. యాజమాన్యం మారినా మిల్లు మాత్రం చివరికి దక్కలేదు. పైనున్న కుర్చీలో మనిషి మారితే చాలదు. కింద పని చేసేవాళ్లకు పని, నేర్చుకునే దారి, కొనే మనుషులు, మూడూ కుదరాలి.

మన పేటలకు ఈ కథ

కరీంనగర్, నల్గొండ, మహబూబ్‌నగర్ వైపు నుంచి మన తాత ముత్తాతలు పని వెతుక్కుంటూ షోలాపూర్ వచ్చారు. మహేశ్వర్‌కు రాణి పిలిస్తే నేతగాళ్లు వచ్చారు. మనవాళ్లు పిలవకుండానే వచ్చి, సాంచెల మీద ఒక పేరు నిలబెట్టారు. షోలాపూర్ చద్దరుకు, టవలుకు భౌగోళిక గుర్తింపు ఉంది. అయినా వేరే ఊళ్లలో నేసిన చద్దర్లు మన పేరుతో అమ్ముడుపోతున్నాయి. ఇంట్లో పిల్లలు సాంచె దగ్గరికి రామంటున్నారు. వాళ్లను తప్పు పట్టలేం. పొద్దంతా చప్పుడులో నిలబడి తండ్రి, బీడీలు చుట్టి తల్లి ఎంత తెస్తున్నారో వాళ్లు చూస్తూనే ఉన్నారు.

మహేశ్వర్ చెప్పేది పిల్లలందరినీ మగ్గం ఎక్కించమని కాదు. పెద్దల పనిలో ఏది వదలకూడదో, ఏది మార్చుకోవచ్చో తెలియాలంటే ముందు ఆ పని గురించి తెలియాలి. ఆసు, కండె, నాడె, పడుగు, పేక, అంచు అనే మాటలు పిల్లల నోట్లో ఉన్నంత కాలం ఆ తెలివి ఇంట్లో ఉంటుంది. మాట పోతే పని సంగతి కూడా పోతుంది. తెలుగు బడి చేయగలిగింది ఇక్కడే ఉంది. మరాఠీ, ఇంగ్లిషు రావాలి, తప్పదు. వాటితో పాటు తాత చెప్పే లెక్క అర్థమయ్యే భాష కూడా ఉండాలి.

ఉపాధ్యాయులు ఒక పని చేయవచ్చు. మే 31 నాటికి బడికి సెలవులు ఉంటాయి కాబట్టి, ఆగస్టు 13న అహల్యాబాయి వర్ధంతి నాడు పిల్లల చేత ఇంట్లో ఉన్న ఒక చద్దరునో చీరనో తెప్పించండి. దాని అంచులోని బొమ్మ పేరేమిటో, ఎవరు గీశారో, ఎన్ని రోజుల పనో ఇంట్లో పెద్దలను అడిగి తెలుగులో పది వాక్యాలు రాయమనండి. తల్లిదండ్రులూ ఆ సాయంత్రం కాస్త తీరిక చేసుకుని పిల్లలు అడిగినవాటికి జవాబు చెప్పండి. మల్హర్‌రావు కోడలికి లెక్కలు, ఉత్తరాలు నేర్పిన రోజున ఆమె రాజ్యమేలుతుందని ఎవరూ అనుకోలేదు. మన బడిలో కూర్చున్న ఏ అమ్మాయి రేపు షోలాపూర్ చద్దరుకు కొత్త దారి చూపిస్తుందో మనకూ తెలియదు. నేర్పడం మాత్రం మన చేతుల్లో ఉంది.