జిమ్ థోర్ప్ చేసిన తప్పేంది?

పండుగకు ఊర్ల కబడ్డీ పోటీలు పెడ్తరు. గెలిచిన టీముకు అయిదువేలో పదివేలో చేతుల పెడ్తరు. ఆ పైసలు తీసుకున్నవని చెప్పి, రేపు నువ్వు దేశం తరఫున గెలిచిన మెడల్ గుంజుకుంటే ఎట్లుంటది? ఇప్పుడు వింటే నవ్వొస్తది గని, ప్రపంచంల అందరికన్నా గొప్ప ఆటగాడు అనిపించుకున్న మనిషికి అచ్చం ఇట్లనే అయింది. ఆయన పేరు జిమ్ థోర్ప్.

1887ల అమెరికాల, ఇప్పుడు ఓక్లహోమా అంటున్న జాగల పుట్టిండు. సాక్ అండ్ ఫాక్స్ అనే ఆదివాసీ జాతి. కవలగ పుట్టిన చార్లీ చిన్నతనంలనే జబ్బు చేసి పోయిండు. కొన్నేండ్లకు తల్లి, ఆ తర్వాత తండ్రి. పెన్సిల్వేనియాలున్న కార్లైల్ బడికి పంపిండ్రు. అది ఆదివాసీ పిల్లల జుట్టు కత్తిరిచ్చి, సొంత భాష మాట్లాడనియ్యక, తెల్లోళ్ల లెక్క తయారు చేసేటందుకు పెట్టిన బడి. ఆడనే ఓ రోజు మైదానంల పోరగాళ్లు హైజంప్ చేస్తుంటే, ఒంటిమీదున్న మామూలు బట్టలతోనే దుంకి కర్ర దాటిండట. కోచ్ పాప్ వార్నర్ కంట్ల పడ్డది అట్లనే అంటరు.

1912ల స్టాక్‌హోమ్ ఒలింపిక్స్. పెంటాథ్లాన్ అంటే అయిదు పోటీలు, డెకాథ్లాన్ అంటే పది. ఉరుకుడు, దుంకుడు, ఇసురుడు అన్నీ ఒక్కడే చెయ్యాలె. జిమ్ రెండిట్ల బంగారం కొట్టిండు. పెంటాథ్లాన్‌ల అయిదిట్ల నాలుగు ఆయనే ఫస్ట్. డెకాథ్లాన్‌ల 8,412 పాయింట్లు; రెండో జాగల ఉన్న స్వీడన్ ఆయన హ్యూగో వీస్‌లాండర్ దగ్గరదగ్గర 700 పాయింట్లు ఎనుకబడ్డడు. రెండు కాళ్లకు రెండు తీర్ల బూట్లతోని జిమ్ నిలబడ్డ ఫొటో ఇప్పటికీ ఉన్నది. సొంత బూట్లు పోతే దొరికినయి తొడుక్కున్నడని చెప్తరు. ఇంకో ముచ్చట. ఆదివాసులందరికీ అమెరికా పౌరసత్వం ఇచ్చిన చట్టం 1924ల గని రాలే.

1913 జనవరిల పేపర్ల ఒక వార్త వచ్చింది. 1909, 1910 ఎండకాలాలల్ల నార్త్ కరోలినాల చిన్న బేస్‌బాల్ టీములల్ల ఆడి జిమ్ పైసలు తీసుకున్నడని. నిజమే. బతుకుదెరువుకు సరిపోయే పైసలు, అంతే. అప్పట్ల కాలేజీ పోరగాళ్లు చానామంది అట్ల ఆడెటోళ్లు, గని దొంగపేర్లతోని. జిమ్ సొంత పేరుతోనే ఆడిండు, అందుకే దొరికిండు. దాసుకోలే. ఉత్తరం రాసి ఒప్పుకున్నడు. ఒలింపిక్ కమిటీ రెండు మెడల్స్ గుంజుకొని, రికార్డులకెల్లి పేరు కొట్టేసింది. ఫిర్యాదు ఉంటే పోటీలైన 30 రోజులల్ల చెయ్యాలె అనేది కూడా వాళ్ల రూలే. అప్పటికి ఆరు నెలలు దాటింది. ఆ రూలు ఎవ్వరికీ యాదికి రాలే.

ఆటకు పైసలు తీసుకోవద్దు అనే ఈ అమెచ్యూర్ పద్ధతి గ్రీకుల కాలం నుంచి వస్తున్నదని గొప్పగ చెప్పుకునెటోళ్లు. అబద్ధం. క్రీస్తు పూర్వం 776 నుంచి లెక్కగట్టే ఒలింపియా ఆటలల్ల, మైదానంల ఇచ్చేది ఆలివ్ కొమ్మల కిరీటమే. గని ఊరికి పోయినంక అసలు ముచ్చట. ఏథెన్స్‌ల సోలన్ చట్టం గెలిచినోనికి 500 ద్రాక్మాలు పెట్టింది, బతికినన్ని దినాలు ఊరి ఖర్చుతోని బువ్వ పెట్టెటోళ్లు. అసలు ఆ రూలు ఇంగ్లండ్ దొరలది. 19వ శతాబ్దంల వాళ్ల క్లబ్బులు కూలోళ్లను, చేతిపనోళ్లను పోటీలకే రానియ్యలే. 1896ల ఏథెన్స్‌ల ఒలింపిక్స్ మళ్ల షురూ అయినప్పుడు, పియెర్ ద కుబెర్తాన్ మనుషులు ఆ దొరల పద్ధతినే తెచ్చి పెట్టుకున్నరు. పైసల కోసం ఆడొద్దనుడు పైసలున్నోనికి ఏం కష్టం?

జిమ్ ఆట మానలే. న్యూయార్క్ జెయింట్స్‌కు బేస్‌బాల్ ఆడిండు, కాంటన్ బుల్‌డాగ్స్‌కు ఫుట్‌బాల్ ఆడిండు. ఇప్పుడు కోట్ల డాలర్లు తిరిగే ఎన్ఎఫ్ఎల్ 1920ల మొదలైనప్పుడు దాని మొదటి అధ్యక్షుడు ఈయనే. వయసు మళ్లినంక మాత్రం తాగుడు, సినిమాలల్ల చిన్న చిన్న వేషాలు, మట్టి తవ్వే కూలిపని. 1950ల అమెరికా విలేకర్లు ఓట్లేసి యాబై ఏండ్లల్ల ఇంతటి ఆటగాడు లేడన్నరు. మరుసటేడు పెదవి క్యాన్సర్ అయితే, ఆపరేషన్‌కు చేతుల పైసల్లేవు. 1953 మార్చి 28న కాలిఫోర్నియాల, ఒక ట్రైలర్ ఇంట్ల, గుండె ఆగి పోయిండు.

1912ల జిమ్‌తోని అవే పోటీలల్ల ఆడి ఓడిపోయిన అమెరికా ఆయన ఒకడున్నడు, ఏవరీ బ్రండేజ్. 1952 నుంచి 1972 దాకా ఒలింపిక్ కమిటీకి ఆయనే పెద్ద. ఉన్నన్ని రోజులు మెడల్స్ వాపస్ ఇయ్యలే. చివరికి 1982ల కమిటీ ఒప్పుకొని, 1983ల జిమ్ పిల్లలకు మెడల్స్ ఇచ్చింది, అవి కూడా నకళ్లే. అసలుయి ఎప్పుడో మ్యూజియంలకెల్లి దొంగలెత్తుకపోయిండ్రు. అప్పుడు కూడా పూర్తి గెలుపు ఇయ్యలే, ఇంకొకరితోని కలిపి విజేత అన్నరు. ఒక్కడే విజేత అని రాసింది 2022 జులైల, అంటే 110 ఏండ్లకు. ఆ నిర్ణయం తీసుకునేటప్పుడు కమిటీ స్వీడన్‌ల వీస్‌లాండర్ ఇంటోళ్లను కూడా అడిగింది. జిమ్‌కాడ గుంజి ఇచ్చిన ఆ బంగారాన్ని మా పెద్దాయన ఏనాడూ తనది అనుకోలేదని వాళ్లు చెప్పిండ్రు.