తుప్పు పట్టని జీవితం: మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు



ఈ ప్రత్యేక సంచికకు ఎవరైనా ఒక మహనీయుని జీవితం గురించి రాయమని కార్యదర్శి గారు కోరారు. నాకు వెంటనే గుర్తుకు వచ్చినవారు సర్ మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు. అందుకు కారణం మా ఇంటి ముందున్న పాత కారు. ముందుగా ఆ సంగతి మనవి చేసుకుంటాను.

మాది శ్రీకూర్మం. సముద్రం దగ్గరే కావడం వల్ల ఉప్పుగాలికి కిటికీ ఊచలు, గేటు బందులు, సైకిలు చెయిను ఏవీ నిలవవు. 1996లో ఒకరి దగ్గర పాత ప్రీమియర్ పద్మిని కారు కొన్నాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ ప్రతి ఆదివారం మంచినీళ్లతో కడిగి తుడిచేవాణ్ణి. రిటైరయిన కొన్నేళ్లకు మోకాళ్ల నొప్పులు మొదలయ్యాయి. కారు మీద టార్పాలిన్ కప్పి, నేను అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అలా రెండు వర్షాకాలాలు గడిచిపోయాయి. మా ఇంటావిడను శ్రీకాకుళం ఆసుపత్రికి తీసుకువెళ్లవలసి వచ్చి ఆ గుడ్డ తీసేసరికి, కింద రేకు ఎర్రగా పొరలు పొరలుగా లేచి ఉంది. మెకానిక్ వచ్చి స్క్రూడ్రైవరుతో పొడిస్తే లోపలికి దిగిపోయింది. పాత ఇనుముకు అమ్మేయడమే మంచిదన్నాడు. తప్పు కారుది కాదు, నాది. ఆ రాత్రి నిద్ర పట్టక విశ్వేశ్వరయ్య గారి జీవితచరిత్ర చేతిలోకి తీసుకున్నాను.

ఆయన 1860 సెప్టెంబరు 15న మైసూరు సంస్థానంలోని ముద్దెనహళ్లిలో జన్మించారు. పూర్వీకులది మన తెలుగునాట మోక్షగుండం గ్రామం. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బెంగుళూరులో పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ చదువుకున్నారు. 1883లో పూనాలో ఇంజనీరింగు పరీక్షలో ప్రథములుగా నిలిచి, బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరారు. 1903లో ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన రూపొందించిన తలుపులు అమర్చారు. నీరు పెరిగితే వాటంతట అవే తెరుచుకుని, తగ్గితే మూసుకునే తలుపులవి.

మన పింఛనుదార్లు గమనించవలసిన సంగతి ఇక్కడుంది. 1908లో, ఏభై ఏళ్లయినా నిండకుండానే, ఆయన బొంబాయి కొలువు నుంచి విరమించారు. అరుగు మీద కూర్చోవాలంటే కూర్చోవచ్చు. కాని ఆ ఏడాది సెప్టెంబరులో మూసీనది పొంగి హైదరాబాదును ముంచెత్తింది. నిజాం ప్రభుత్వం పిలవగా 1909లో అక్కడికి వెళ్లారు. ఎగువన జలాశయాలు కట్టి వరదను ఆపే పథకం వేశారు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ ఆ ఆలోచన నుంచి పుట్టినవే. అదే ఏడాది మైసూరుకు చీఫ్ ఇంజనీరు అయ్యారు. 1912 నుంచి 1918 వరకు దివానుగా పనిచేశారు. కృష్ణరాజసాగర్ ఆనకట్టకు ఆయనే కారకులు.

దివాను పదవి వదిలాక కూడా ఊరుకోలేదు. 1923లో ఉత్పత్తి మొదలుపెట్టిన భద్రావతి ఇనుము కర్మాగారం తడబడుతుంటే, దాని నిర్వాహక మండలికి అధ్యక్షులై నిలబెట్టారు. 1935లో, డెబ్బై అయిదేళ్ల వయసులో, ఐరోపా, అమెరికా దేశాలు తిరిగి మోటారు కార్ల తయారీ చూసి వచ్చారు. మన దేశంలోనే కారు తయారు కావాలని ప్రభుత్వానికి పథకం సమర్పించారు. నాటి తెల్లదొరల ప్రభుత్వం సహకరించలేదు. ఆ ప్రయత్నంలో ఆయనతో కలిసి నడిచిన వాల్‌చంద్ హీరాచంద్ గారు 1944లో ప్రీమియర్ ఆటోమొబైల్స్ స్థాపించారు. మా పద్మిని పుట్టింది ఆ కంపెనీలోనే.

తొంభై దాటాక కూడా ఆయన బీహారులో మొకామా దగ్గర గంగపై వంతెనకు స్థలం చూడడానికి వెళ్లారు. ఆ వంతెన 1959లో ప్రారంభమైంది. 1955లో భారతరత్న వచ్చింది. 1962 ఏప్రిల్‌లో, నూరేళ్లు దాటాక, కన్నుమూశారు. కొలువు విడిచాక కూడా దశాబ్దాల పాటు పనిచేసిన మనిషి. పనిలేక తుప్పు పట్టడం కంటే పనిచేసి అరిగిపోవడం మేలని ఆయన జీవితమే చెబుతుంది.

తెల్లవారి మెకానిక్‌ను మళ్లీ పిలిపించి, అమ్మనని చెప్పేశాను. మనకు మందరగిరిని వీపున మోసినవాడు కూర్మనాథుడు. బండికి ఆ పని చేసేది చాసిస్. లారీకి, జీపుకి అది విడిగా ఉంటుంది. మా కారులో అడుగు రేకు, పక్క పెట్టెలు కలిసే చట్రమవుతాయి. అందుచేత అక్కడి తుప్పు అందానికి సంబంధించింది కాదు, ప్రాణానికి సంబంధించింది.

మేము చేయించిన పని ఇది. వానలు వెనకబడ్డాక, ఎండలున్న రోజుల్లో మొదలుపెట్టాం. బండిని జాకీ మీద మాత్రమే నిలిపి కిందికి దూరకూడదు. గట్టి స్టాండ్లు పెట్టించాం. కింద ఉప్పు పోయేదాకా మంచినీళ్లతో కడిగి, పూర్తిగా ఆరనిచ్చాం. చిన్న సుత్తితో తట్టి ఎక్కడ రేకు మెత్తబడిందో గుర్తులు పెట్టాం. చిల్లుపడ్డ చోట పుట్టీతో మూస్తే మోసం. కుళ్లిన రేకు కోసి కొత్త రేకు వెల్డింగు చేయాలి. దానికి ముందు బ్యాటరీ తీగలు, పెట్రోలు ట్యాంకు తీయించాం. మిగతా చోట్ల వైరు బ్రష్షు, గరుకు కాగితంతో వదులు తుప్పు గీకి, ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న తుప్పు మందు రాశాం. చేతులకు తొడుగులు తప్పనిసరి. ఆరాక జింకు కలిసిన ప్రైమరు, దానిపై రెండు పూతలు రంగు వేశాం. పక్క పెట్టెల లోపలికి మైనం కలిసిన నూనె పిచికారీ చేయించి, నీళ్లు కారే చిల్లులు పుల్లతో శుభ్రం చేశాం. తుప్పు తీయకుండా పైన తారు పూస్తే తేమ లోపలే చిక్కి, పైకి నల్లగా మెరుస్తూ లోపల తినేస్తుంది. టార్పాలిన్ కప్పినా అంతే. గాలి ఆడాలి.

పని పూర్తయ్యేసరికి నెల పట్టింది. ఖర్చు విని మా అబ్బాయి కేకలేశాడు. నేను మాత్రం రోజూ వంగుతూ, లేస్తూ, దగ్గరుండి చూసుకోవడంతో మోకాళ్లు కాస్త వదులయ్యాయి. ఇప్పుడు ప్రతి ఆదివారం బండి కింద కడగడం నా పని. ఇంటావిడను ఆసుపత్రికి నేనే తీసుకువెళుతున్నాను.

మిత్రులారా, మన ఇళ్లలో టార్పాలిన్ కింద ఏమేమి ఉన్నాయో ఒకసారి ఎత్తి చూడండి. కారే కానక్కరలేదు. కుట్టుమిషను కావచ్చు, హార్మోనియం కావచ్చు, మన తెలివితేటలే కావచ్చు. చిల్లు పడకముందే చూసుకుంటే బ్రష్షు, రంగు డబ్బాతో పోతుంది.