జి. డి. నాయుడు

తమిళనాడునందలి కోయంబత్తూరు గొప్ప పారిశ్రామిక నగరము. నూలు మిల్లులకును, నీటి పంపులకును, విద్యుత్ మోటారులకును అది పేరు వడసినది. ఆ నగరమునకు అట్టి కీర్తి కలుగుటకు కారకులైన వారిలో గోపాలస్వామి దొరస్వామి నాయుడు ముఖ్యుడు. లోకమాయనను జి. డి. నాయుడని పిలిచెను. ప్రాథమిక విద్యనైనను సరిగా ముగింపని ఒక పల్లెటూరి బాలుడు పెరిగి పెద్దవాడై ఇంజనీరింగు కళాశాలకు ప్రిన్సిపాలయ్యెను. ఈ వింత యెట్లు సంభవించెనో ఆయన చరిత్రమే తెలుపును.

నాయుడు 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన కోయంబత్తూరు సమీపమునందలి కలంగల్ గ్రామమున జన్మించెను. ఆయనది తెలుగు కుటుంబము. పూర్వకాలమున తెలుగు దేశమునుండి దక్షిణమునకు తరలిపోయి, అచటి నల్లరేగడి భూములందు ప్రత్తి పండించుచు స్థిరపడిన రైతుల వంశమునకు చెందినది. బాలునకు బడిపై మనసు నిలువలేదు. చదువు త్వరలోనే ఆగిపోయెను. అతడు తండ్రి పొలమున పని చేయసాగెను.

ఆ కాలమున మన దేశపు పల్లెలలో మోటారు వాహనము కనబడుటయే అరుదు. ఒకనాడు ఒక ఆంగ్లేయ రెవిన్యూ అధికారి రడ్జ్ అను ఇంగ్లండు దేశపు మోటారు సైకిలుపై ఆ దారిని వచ్చెను. ఎద్దులు గాని గుఱ్ఱములు గాని లేకయే పరుగెత్తు ఆ బండిని చూచి నాయుడు ఆశ్చర్యపడెను. అది యెట్లు నడచుచున్నది? దాని లోపల నేమున్నది? ఈ ప్రశ్నలు అతనిని నిదురపోనీయలేదు. ఎట్లయినను ఆ బండిని సంపాదింపవలెనని అతడు నిశ్చయించుకొనెను.

కోరిక గొప్పదే గాని చేతిలో ధనము లేదు. నాయుడు కోయంబత్తూరు చేరి ఒక హోటలులో సర్వరుగా కుదిరెను. రైతుబిడ్డ యయ్యు ఎంగిలి పాత్రలు తీయుటకు సిగ్గుపడలేదు. సుమారు మూడు సంవత్సరములు కాసుకు కాసు కూడబెట్టి, కడకు ఆ అధికారి వద్దనే ఆ మోటారు సైకిలును కొనెను. అంత కష్టపడి కొన్న బండిపై ఊరేగి ఆనందించుటకు మాఱుగా, దానిని భాగభాగములుగా విప్పివైచెను! చూచినవారికి అది వెఱ్ఱిగా తోచియుండవచ్చును. కాని అతడు ప్రతి భాగమును పరిశీలించి, దాని పని యేమో గ్రహించి, మరల యథాతథముగా బిగించెను. ఆ బండియే అతనికి పాఠశాల; విప్పిన మరలే పాఠములు.

నేటికిని మన నిజామాబాదు పట్టణపు మెకానిక్కు షెడ్లలోను, బోధను పరిసరములందలి చెఱకు పల్లెలలోను పాత రాజ్‌దూత్, జావా, యెజ్డీ బండ్లను విప్పి బాగుచేయు యువకులు అచటచట కనబడుదురు. ఆ బండ్లవి రెండు స్ట్రోకుల ఇంజనులు. వానికి కవాటములుండవు. పిస్టను పైకి క్రిందికి కదలుచు, సిలిండరు గోడయందలి ద్వారములను తానే మూయుచు తెఱచుచుండును. పెట్రోలుతో కలిపిన నూనె కూడ కొంత కాలుట వలన పొగ వెడలు ద్వారమునను, సైలెన్సరునను మసి గట్టిపడును. ఆ మసిని గీకి తీసి, కార్బురేటరును శుభ్రపఱచి, ప్లగ్గునందలి నిప్పురవ్వ సరియైన క్షణమున పుట్టునట్లు సవరించినచో, మూలబడిన బండి మరల ప్రాణము పోసికొనును. నాయుని రడ్జ్ బండి నాలుగు స్ట్రోకులది; దాని నిర్మాణము వేఱు. అయినను విప్పిచూచి నేర్చుకొను విద్య రెంటికిని ఒక్కటియే.

ఆ పిమ్మట నాయుడు ప్రత్తి వ్యాపారమున దిగి కొంత ధనము గడించెను. బొంబాయిలో దానిని పోగొట్టుకొనెను. అంతమాత్రమున క్రుంగిపోలేదు. స్టేన్స్ అను ఆంగ్లేయ వ్యాపారి సాయముతో ఒక బస్సు సంపాదించి, 1920లో పొల్లాచి, పళని పట్టణముల నడుమ నడుపనారంభించెను. మోటారు సైకిలు వద్ద నేర్చిన విద్య ఇప్పుడు అక్కఱకు వచ్చెను. ఆ ఒక్క బస్సు క్రమముగా యూనివర్సల్ మోటారు సర్వీసు అను పెద్ద సంస్థగా వృద్ధి పొందెను.

మన దేశమున నాడు విద్యుత్ మోటారులు విదేశములనుండియే దిగుమతి యగుచుండెను. 1937లో నాయుడు డి. బాలసుందరం నాయుడను యంత్రజ్ఞునితో కలిసి స్వదేశమున విద్యుత్ మోటారును తయారు చేయించెను. అదే సంవత్సరమున నిజాం రాజ్యమున బోధను వద్ద చక్కెర కర్మాగారము స్థాపింపబడెను. ఆ కర్మాగారము 2015లో మూతపడినది. చెఱకునకు నీరే ప్రాణము. మోట తోలి నీరు తోడిన రైతులు పిదప మోటారు పంపులకు మరలిరి. అట్టి మోటారును మనమే చేసికొనగలమని చూపినవారిలో నాయుడు మొదటివాడని చెప్పవచ్చును.

ఆయన బుద్ధి ఒక్కచోట నిలిచెడిది కాదు. బ్యాటరీతో నడచు క్షౌర యంత్రము, మిక్కిలి పలుచని బ్లేడు, పండ్లరసము తీయు యంత్రము, కిరసనాయిలుతో తిరుగు పంకా, మోసమునకు తావీయని ఓటింగు యంత్రము మున్నగు వానిని ఆయన నిర్మించెను. ప్రత్తి, బొప్పాయి మున్నగు పంటలపై కూడ ప్రయోగములు చేసెను.

1945లో కోయంబత్తూరున ఆర్థర్ హోప్ పేర పాలిటెక్నిక్కును, ఇంజనీరింగు కళాశాలయు వెలసెను. వానికి నాయుడే ముఖ్య పోషకుడు. కళాశాలకు ప్రిన్సిపాలు కూడ ఆయనయే. నాలుగేండ్ల చదువునకు రెండేండ్లు చాలునని ఆయన మతము. ప్రభుత్వమందుల కంగీకరింపలేదు. నమ్మిన దానిని విడువలేక ఆయన పదవినే విడిచెను. క్రమబద్ధమైన విద్య అక్కఱలేదని దీని భావము కాదు. చేతిపని లేని చదువు చాలదనియే ఆయన అభిప్రాయము.

1952లో ఇద్దఱు కూర్చుండదగిన చిన్న పెట్రోలు కారును నిర్మించి, రెండువేల రూపాయలకే అందింపదలచెను. లైసెన్సు లభింపలేదు. సామాన్యునకు కారు నందింపవలెనన్న ఆయన కోరిక తీరలేదు. ఇట్టి ఆశాభంగములు ఆయన జీవితమున పెక్కు కలవు. అయినను ఆయన చేతులు పని మానలేదు.

1974వ సంవత్సరము జనవరి 4వ తేదీన నాయుడు కీర్తిశేషుడయ్యెను. ఆయన నిర్మించిన యంత్రములను కోయంబత్తూరునందలి ప్రదర్శనశాలలో నేటికిని చూడవచ్చును. బాలబాలికలు ఆయనవలె బడి మానరాదు. ఆయనవలె ప్రశ్నింపవలెను, ఏ పనియు తక్కువది కాదని తలంపవలెను, విప్పిన దానిని మరల కూర్చువఱకు విడువని పట్టుదలను అలవఱచుకొనవలెను.