వీరేశలింగము పంతులుగారి వాదరచన

కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1848వ సంవత్సరము ఏప్రిలు 16వ తేదీన రాజమహేంద్రవరమున జన్మించిరి. తల్లి పున్నమ్మ, తండ్రి సుబ్బారాయుడు. నాలుగేండ్ల ప్రాయముననే తండ్రి గతించుటచే ఆయన తల్లి పోషణలో, పెదతండ్రి అండను పెరిగిరి. దేహము దుర్బలమైనను ఆయన బుద్ధి మిక్కిలి చురుకైనది. చదువు ముగిసిన పిదప ఉపాధ్యాయవృత్తిని స్వీకరించి కోరంగి, ధవళేశ్వరములలో పనిచేసి, తరువాత రాజమహేంద్రవరమున తెలుగు పండితులైరి.

పెదవులు కలియక పలుకదగిన అక్షరములతోనే నలచరిత్రమును కావ్యముగా రచించిన ప్రజ్ఞాశాలి ఆయన. అయినను 1874లో వివేకవర్ధని పత్రికను స్థాపించిన పిమ్మట, ప్రజల మనస్సులను మార్చుటకు పాండిత్యప్రకర్ష చాలదని గ్రహించి సులభవచనమును చేపట్టిరి. చదువరికి అర్థము కాని వాదము ఎంత గొప్పదైనను నిష్ఫలమే కదా!

ఆ కాలమున పసితనముననే పెండ్లియై, భర్త ముఖమైన ఎరుగకముందే వితంతువులైన బాలికలు ఇంటింట కన్నీరు కార్చుచుండిరి. 1856లో వితంతువివాహమును అంగీకరించు చట్టము వచ్చినను ఆంధ్రదేశమున దానిని ఆచరింప సాహసించినవారు లేరు. అది శాస్త్రవిరుద్ధమని పండితులు చెప్పుచుండిరి, జనులు నమ్ముచుండిరి.

పంతులుగారు ఈ విషయమును గురించి 1879లో రాజమహేంద్రవరమున ఉపన్యసించిరి. బాలవితంతువుల దుఃఖమును వర్ణించి సభాసదుల కంట నీరు తెప్పించుట ఆయనకు కష్టము కాదు. కాని జాలిచే కరగిన హృదయము మరునాడు పండితుని మాట విని మరల గట్టిపడును. అందుచేత ప్రతిపక్షులు దేనిని ప్రమాణముగా ఒప్పుకొందురో ఆ ధర్మశాస్త్రమునే ఆయనయు ఆధారము చేసికొనిరి. కలియుగధర్మములను చెప్పునదని ప్రసిద్ధిగన్న పరాశరస్మృతి, భర్త మరణించుట మొదలైన ఐదు ఆపదలలో స్త్రీకి పునర్వివాహమును అనుమతించినదని చూపిరి. వంగదేశమున ఈశ్వరచంద్ర విద్యాసాగరుడును అంతకుముందు ఈ మార్గమునే త్రొక్కెను.

పండితులు ఊరకుండలేదు. సభలు చేసి ఆక్షేపణలు లేవదీసిరి. స్మృతివాక్యము వాగ్దానము మాత్రమే జరిగిన కన్యకు చెల్లునుగాని వివాహితకు చెల్లదనునది ఈ వివాదమున తరచుగా వినబడిన ఆక్షేపణ. పంతులుగారు కోపించి కేకలు వేయలేదు. ఆ సంవత్సరముననే మరియొక ఉపన్యాసమున ఆ ఆక్షేపణలకు సమాధానములు చెప్పిరి. ముందుగా ఎదుటివాని వాదమును నిలుపుట పూర్వపక్షము. దానిని పరిహరించి తన మతమును స్థాపించుట సిద్ధాంతము. ఇది మన పూర్వుల తర్కపద్ధతియే. ఆ పద్ధతి నెరిగినవారిని ఆ పద్ధతితోనే ఎదుర్కొనుట ఆయన నేర్పు.

వాదము కాగితముపై ముగియలేదు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున ఆయన తొలి వితంతువివాహమును జరిపించిరి. కాకినాడ వర్తకులు పైడా రామకృష్ణయ్యగారు ధనసహాయము చేసిరి. విద్యార్థులు అండగా నిలిచిరి. బంధుమిత్రులు దూరమైరి, వెలి వచ్చెను. వంటవారును, నీళ్లు తెచ్చువారును మానివేయగా, భార్య రాజ్యలక్ష్మమ్మగారు స్వయముగా గోదావరినుండి నీరు మోసి వంటచేసిరి. మాటకు మూల్యము చెల్లింపవలసివచ్చినప్పుడు ఆ దంపతులు వెనుదీయలేదు. పంతులుగారు 1919 మే 27వ తేదీన మద్రాసున పరమపదించిరి.

బాలలారా! మీరును ఏదేని విషయమును సమర్థించుచు వ్యాసము వ్రాయవలసివచ్చినచో, కలము కదపకముందు కొంతసేపు ఆలోచింపుడు. మీరు స్థాపింపదలచినదేమో ఒక్క వాక్యమున నిశ్చయించుకొనుడు. ఎదుటివాడును కాదనలేని ఆధారమును వెదకుడు. అతడు ఏమి ఆక్షేపించునో మీరే ముందుగా అడుగుకొని, అతని మాటను వక్రింపక చెప్పి, పిమ్మట సమాధానమిండు. ఇట్టి వ్యాసము ఎదుటివానిని అవమానింపదు, ఆలోచింపజేయును. చివరగా, వ్రాసినదానికి కట్టుబడి నిలువగలమా యని మిమ్ము మీరే ప్రశ్నించుకొనుడు. పంతులుగారి వాదమునకు బలము కలిగినది ఇందువలననే.